కాలికి సూదులు, మగ్గానికి సెలవు

మా వీధి ఆడవాళ్ళు నా కాళ్ళు చూడడానికి వస్తుంటారు. ముందు ఉప్పూ చింతపండూ మాట్లాడతారు. తర్వాత అటూ ఇటూ చూసి, చీర కుచ్చిళ్ళు జానెడు పైకెత్తి తమ పిక్కలు చూపిస్తారు. "అక్కా, నీకీ ఇట్లనే ఉండెనంట గదా? సూదులేస్తే పోతాయంట గదా?" అని గుసగుసగా అడుగుతారు. ఒక్కొక్కరికీ మొదటినుంచీ చెప్పి చెప్పి నాకు విసుగు పుట్టింది. మా నాయన పుణ్యమా అని అయిదో తరగతి దాకా చదువుకున్నాను కాబట్టి, ఇకమీదట ఎవరొచ్చినా చేతికిచ్చి చదువుకోమందామని ఇది రాస్తున్నాను. చదవడం రానివాళ్ళకు ఎటూ చెప్పక తప్పదు. ఇప్పుడు అరవై ఒకటో సంవత్సరం. నాకు ముప్పై ఏడేళ్ళు. కాళ్ళు రెండూ ఉన్నాయి.

మాది ధర్మవరం. పట్టుచీరలు నేస్తాం. మా వాళ్ళలో ఆడవాళ్ళు దారం చుడతారు, తెగిన పోగులు అతుకుతారు, మగ్గం మీద మాత్రం సాధారణంగా మగవాళ్ళే కూర్చుంటారు. మా నాయనకు కొడుకులు లేరు. పదేళ్ళప్పుడు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని నేత నేర్పాడు. పెళ్ళై అత్తగారింటికి వచ్చాక రెండేళ్ళు కండెలు చుడుతూ కూర్చున్నాను. నా చేతులు ఊరుకోవడం లేదని మా ఆయనే కనిపెట్టి, తన మగ్గం పక్కన ఇంకో మగ్గం పెట్టించాడు. మా అత్త నెల రోజులు ఆయనతో మాట్లాడలేదు.

గుంట మగ్గం అంటే తెలియని వాళ్ళకు చెప్తున్నాను. నేలలో నడుము లోతు గుంట ఉంటుంది. గుంట అంచున కూర్చుని కాళ్ళు లోపలికి వేలాడేసి, అడుగున ఉన్న తొక్కుడు కర్రలు తొక్కుతూ నెయ్యాలి. మా రెండు మగ్గాలకూ మధ్య మూర దూరం. అత్త, మరిది, తోడికోడలు, వాళ్ళ పిల్లలు, మా పిల్లలు ఉండే ఇంట్లో మొగుడూ పెళ్ళాం పక్కపక్కన కూర్చుని నాలుగు మాటలు మాట్లాడుకునే చోటు అదొక్కటే. మగ్గాల చప్పుడులో మా మాటలు మూడో మనిషికి వినబడవు. పదకొండేళ్ళు అట్లా మాట్లాడుకున్నాం. ఏం మాట్లాడుకున్నారని అడిగితే ఒక్కటీ గుర్తు లేదు. వర్షం గురించీ, పిల్లవాడి దగ్గు గురించీ, కూరలో ఉప్పు గురించీ అయ్యుంటుంది.

మూడో కాన్పు తర్వాత చీలమండల దగ్గర సన్నటి నరాలు తేలాయి. నీలం, ఎరుపు. చిక్కుపడిన పట్టుదారం లాగా ఉండేవి. రంగులు బాగానే కుదిరాయని నవ్వుకున్నాను కూడా. రెండేళ్ళలో అవి పిక్కల మీదికి పాకి, కొన్ని చిటికెన వేలంత లావయ్యాయి. సాయంత్రానికి కాళ్ళు బరువెక్కి, గుంటలోంచి లేవాలంటే అంచు పట్టుకోవాల్సి వచ్చేది. కాళ్ళనొప్పులని చెప్పి ఆముదం రాసుకున్నాను, ఆకులు కాచి కట్టుకున్నాను, పక్క వీధి అవ్వతో దిష్టి తీయించుకున్నాను. నరాలు మాత్రం, చీర ఇంకాస్త కిందికి కట్టుకుని ఎవరికీ చూపించేదాన్ని కాదు.

యాభై ఎనిమిది వేసవిలో ఒకరోజు మగ్గం మీద ఉండగా పాదం తడిగా తగిలింది. గుంటలోకి నీళ్ళు ఊరాయేమో అనుకున్నాను. వంగి చూస్తే రక్తం. చిన్న నరం ఒకటి చిట్లింది. నాకు ముందు భయమేసింది కాలి గురించి కాదు, పట్టు మీద మరక పడిందేమోనని. మా ఆయన తన మగ్గం దిగి వచ్చి నా కాలు చేతుల్లోకి తీసుకున్నాడు. పిక్క మీద నరాలు అప్పుడే మొదటిసారి చూశాడు.

"ఎన్నాళ్ళనుంచి ఉండాదే ఇది?"

"ఏమో, ఉండాది."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే మగ్గం దిగమంటావని."

ఆయన తన పంచె కొస చించి కాలికి కట్టాడు.

హిందూపురం నుంచి నూలు పని మీద వచ్చే ఒకాయన చెప్పాడు, అక్కడ ఒక డాక్టరు ప్రతి గురువారం బెంగుళూరు నుంచి వచ్చి ఇట్లాంటి నరాలకు సూదులేస్తాడని. మా అత్త గుండెలు బాదుకుంది. "నరంలోకి మందెక్కిచ్చి నరాన్నే సంపేస్తారంట. ఇంక కాలు యాడ బతుకుతాది?" అంది. ఆమె అన్నది సగం నిజమే. డాక్టరు చేసేది అదే. పాడైన నరంలోకి మందెక్కిస్తే అది మూసుకుపోతుంది, రక్తం మంచి నరాల్లోంచి పోతుంది. ఆ సంగతి అర్థమయ్యేలా చెప్పేవాళ్ళు మా ఇంట్లో ఎవరూ లేరు.

దసరా తర్వాత మొదటిసారి వెళ్ళాం. డాక్టరు ఒక ఇంటి వసారాలో ఆస్పత్రి పెట్టుకున్నాడు. బల్లల మీద ఒక పోలీసు, ఒక హోటలు వంటాయన, ఒక మంగలి కూర్చుని ఉన్నారు. అందరివీ నిలబడి చేసే పనులు. పోలీసాయన నన్ను చూసి, "నువ్వేం పని చేస్తావమ్మా?" అని అడిగాడు. "కూర్చునే పని" అన్నాను. "కూర్చునేదానికి నీకెట్ల వచ్చెనమ్మా మా రోగం?" అని ఆయన నిజంగానే బాధపడ్డాడు. తన వాటా నేను లాక్కున్నట్టు.

డాక్టరు కన్నడం కలిసిన తెలుగు మాట్లాడేవాడు. నన్ను ఎత్తుపీట మీద నిలబెట్టి, నరాలు ఉబ్బాక సూది గుచ్చి, పడుకోబెట్టి కాలు పైకెత్తి మందు ఎక్కించాడు. సూది గుచ్చినప్పుడు పెద్దగా ఏమీ లేదు. మందు పోతున్నప్పుడు పిక్క లోపల మిరపకాయ నలిపినట్టు మండి, కండరం పట్టేసింది. అరుద్దామనుకుంటే నర్సు మేరమ్మ నా నుదుటి మీద చెయ్యి పెట్టింది. ముసలామె, చల్లటి చెయ్యి. "అరువమ్మా, ఈడ అందరూ అరుస్తారు. ఆ పోలీసాయన అయితే వాళ్ళమ్మని పిలుస్తాడు" అంది. నవ్వొచ్చి అరుపు పోయింది.

తర్వాత పాదం నుంచి మోకాలి దాకా సాగే గుడ్డతో కట్టు కట్టారు. పాదం దగ్గర బిగువుగా, పైకిపోయేకొద్దీ వదులుగా ఉండాలన్నారు. డాక్టరు, "ఇంక లేయమ్మా. నడీబేకు. రోజూ నడవాల. కాళ్ళు వేలాడేసి కూర్చోకూడదు" అన్నాడు.

"మగ్గం?" అన్నాను.

"అన్ని సూదులూ అయ్యేదాకా మగ్గం లేదు. అయినాక చూద్దాం."

ఆ 'చూద్దాం' పట్టుకునే ఏడాది బతికాను.

ఇంట్లో ఉంటే నేను మగ్గం ఎక్కకుండా ఉండనని మా ఆయనకు తెలుసు. పెనుకొండలో మా అక్క ఉంది, బావ అక్కడ ఆఫీసులో బంట్రోతు. అక్కడినుంచి హిందూపురం దగ్గర. పిల్లలను తోడికోడలు చూసుకుంటానంది. అట్లా నన్ను పెనుకొండలో దించి ఆయన వెనక్కి వెళ్ళాడు. జట్కా మలుపు తిరిగేదాకా చూశాను, ఆయన తిరిగి చూడలేదు. తిరిగి చూస్తే దిగిపోతానేమోనని చూడలేదంట, తర్వాత చెప్పాడు.

పెనుకొండలో నా పని నడవడం ఒక్కటే. పొద్దున కోట గోడ పక్కన నడిచేదాన్ని, సాయంత్రం స్టేషను దారిలో నడిచేదాన్ని. ఏ పనీ లేకుండా ఊరు తిరిగే ఆడదాన్ని జనం ఎట్లా చూస్తారో మీకు చెప్పాలా? ఒక ముసలాయన రోజూ అడిగేవాడు, "ఏమ్మా, ఏమన్నా పోగొట్టుకున్నావా?" అని. అవునని చెప్పాలనిపించేది. ఇల్లు గుర్తొచ్చేది, పిల్లలు గుర్తొచ్చేవాళ్ళు. అబద్ధమెందుకు, అన్నిటికంటే ఎక్కువగా మగ్గం గుర్తొచ్చేది. మా అక్క ఇంట్లో వండుకునే చప్పుడు, తిట్టుకునే చప్పుడు తప్ప వేరే చప్పుడు లేదు. కూర్చుంటే చాలు, నాకు తెలియకుండానే కాళ్ళు తొక్కుడు కర్రలు తొక్కుతుండేవి. మా అక్క చూసి, "ఏమే, పూనకమా?" అనేది.

మా వాళ్ళు అమావాస్య నాడు మగ్గం ముట్టరు. నెలకు ఆ ఒక్కరోజు సెలవు. కార్తీక అమావాస్య నాడు పొద్దున రైలుబండికి మా ఆయన వచ్చాడు. అప్పటికి నాలుగు సూదులయ్యాయి. అక్క వంటింట్లో ఉంది. వసారాలో నేను కాళ్ళు చాపుకుని కూర్చుంటే, ఆయన ఎదురుగా కూర్చుని కట్టు చూశాడు. నా చేతికి సరిగా రాక అది పైభాగాన జారిపోయి ముడతలు పడి ఉంది. వదులుగా వేలాడేది ఏదైనా మా వాళ్ళ కంటికి తప్పే. ఆయన చొక్కా జేబులోంచి మిగిలిపోయిన పట్టు పోగులు తీశాడు. అవి ఆయన జేబులో ఎప్పుడూ ఉంటాయి. నాలుగు పోగులు పేని, కట్టును కింద నుంచి సర్ది, మోకాలి కింద బిగించి ముడి వేశాడు. తెగిన పోగుకు వేసే ముడి అది. లాగేకొద్దీ బిగుస్తుంది కానీ జారదు.

"ఇంక కదల్దు" అన్నాడు.

"ఎట్ల కదుల్తాది, నువ్వు కడితే" అన్నాను.

సాయంత్రం బండికి వెళ్ళిపోయాడు. మర్నాటికి కాలు సలపడం మొదలైంది. ఆ మర్నాటికి వేళ్ళు ఉబ్బాయి. మా అక్క చూసి, "ఆ దారం తెంపేయవే, వేళ్ళు నల్లబడతాండాయి" అంది. తెంపనన్నాను. డాక్టరు బిగువుగా ఉండాలన్నాడని వాదించాను. పైన వదులుగా ఉండాలన్న సంగతి నాకు తెలుసు. అయినా విప్పలేదు. ఎందుకు విప్పలేదో రాయడానికి ఇప్పుడు కూడా సిగ్గుగా ఉంది. నెల రోజుల తర్వాత వచ్చి ఆయన చేత్తో కట్టిపోయాడు. మళ్ళీ నెల దాకా రాడు. నాకు ఆ ముడి తప్ప ఆయనది ఇంకేమీ లేదు అక్కడ. పడుకున్నప్పుడు దాని మీద వేలు పెట్టుకుని పడుకునేదాన్ని.

ఇది చదివే చెల్లెళ్ళకు చెప్తున్నాను, మోకాలి కింద ఏదీ బిగించి కట్టకండి. మొగుడు కట్టినా సరే, విప్పేయండి.

గురువారం నాటికి జ్వరం వచ్చింది. బావ నన్ను రైలెక్కించి హిందూపురం తీసుకుపోయాడు. స్టేషను నుంచి ఆస్పత్రికి నడవలేకపోయాను. డాక్టరు కాలు చూసి కత్తెర తెమ్మన్నాడు. మేరమ్మ కత్తెర తెచ్చి ముడి కత్తిరించింది. పోగులు చర్మంలోకి దిగి ఉన్నాయి.

"ఎవురు కట్టింది ఇది?" అన్నాడు డాక్టరు.

"నేనే" అన్నాను.

మేరమ్మ ఆ ముడిని వేళ్ళ మధ్య తిప్పి చూసింది, నా మొహం చూసింది, ఏమీ అనకుండా చెత్తబుట్టలో వేసింది. ఆమె అట్లా ఊరుకున్నందుకు ఆమెకు రోజూ దండం పెట్టుకుంటాను.

లోపల రక్తం గడ్డకట్టిందన్నాడు డాక్టరు. గడ్డ కదిలితే ప్రాణానికే ముప్పు అన్నాడు. నడవమన్న మనిషే ఇప్పుడు మంచం దిగొద్దన్నాడు. మంచానికి కాళ్ళవైపు ఇటుకలు పెట్టి ఎత్తు చేసి నెల రోజులు పడుకోవాలంట. నేను మగ్గం మాట అడిగాను. "కాలు ఉంటాదో లేదో చూద్దామమ్మా ముందు. మగ్గం మరిచిపో" అన్నాడు. రైల్లో వెనక్కి వస్తూ ఏడ్చాను. కాలు పోతుందని కాదు. కాలు పోతే కర్ర పట్టుకుని తిరిగేవాళ్ళు లేరా? ఒంటి కాలితో తొక్కుడు కర్రలు తొక్కేవాళ్ళను మాత్రం నేను చూడలేదు.

ఆ నెల రోజులు ఇంటి దూలాలు లెక్కపెడుతూ గడిపాను. మా అక్క అన్నం పెడుతూ తిట్టేది, తిడుతూ కాళ్ళకింద దిండు సర్దేది. బావకు నా వల్ల ఇల్లు ఇరుకైంది, ఆయన విసుక్కోవడంలో తప్పు లేదు. ఆయన చేసిన తప్పు ఒకటే. ఆఫీసు పని మీద ధర్మవరం వెళ్ళినప్పుడు మా ఇంటికి పోయి, "నువ్వు కట్టిన కట్టుకే ఆమె కాలు పోయేటట్ల ఉండాదప్పా" అని మా ఆయన మొహం మీదే చెప్పి వచ్చాడు.

మార్గశిర అమావాస్య వచ్చింది. పొద్దున బండి కూత వినబడింది. జట్కా రావడానికి ఎంతసేపు పడుతుందో నాకు తెలుసు. ఆ సేపూ అయిపోయింది. నడిచి వస్తున్నాడేమో అనుకున్నాను, నడిచి వచ్చే సేపు కూడా అయిపోయింది. మా అక్కతో జడ వేయించుకుని ఉన్నాను. మధ్యాహ్నం భోజనం వద్దన్నాను. సాయంత్రం వెనక్కి పోయే బండి కూత కూడా విన్నాక అటు తిరిగి పడుకున్నాను. మా అక్క వచ్చి మంచం పట్టె మీద కూర్చుంది.

"బావ నోరు జారినాడే. ఆ ముడి వల్లే కాలు ఇట్లయ్యెనని మీ ఆయనకి చెప్పేసినాడంట" అంది.

అప్పుడు అర్థమైంది, ఆయన సిగ్గుపడి రాలేదని. అంతవరకూ నా బాధ నాదే అనుకున్నాను. పక్క మగ్గం ఖాళీగా ఉంటే దాని పక్కన ఒంటరిగా నేస్తూ, తన చేత్తోనే పెళ్ళాం కాలు పోగొట్టాననుకుంటున్న మనిషి ఎట్లా ఉంటాడో అప్పుడే ఆలోచించాను. పడుకునే కార్డు ముక్క రాశాను. "ముడి వేసింది నువ్వే. విప్పకుండా పెట్టుకున్నది నేను. అక్క తెంపమన్నా వినలేదు. ఎందుకు వినలేదో కార్డు మీద రాస్తే పోస్టుమాను చదువుతాడు. నువ్వు వస్తే చెప్తాను." బావ చేతికే ఇచ్చి డబ్బాలో వేయమన్నాను. ఆయన తలొంచుకుని వేసి వచ్చాడు.

మా ఆయన మళ్ళీ అమావాస్య దాకా ఆగలేదు. మూడోరోజే వచ్చాడు. నన్ను తీసుకుని హిందూపురం, పెనుకొండ వచ్చిన రోజులు తప్ప, మా పెళ్ళయ్యాక మామూలు రోజున ఆయన మగ్గం ఆపడం నేను చూడలేదు. గడప దగ్గరే నిలబడిపోయాడు.

"రా లోపలికి. కాలు ఉండాది, చూసుకో" అన్నాను.

వచ్చి చూశాడు, ముట్టుకోలేదు. "ఇంక నేను ఏదీ కట్టను" అన్నాడు.

"కట్టకపోతే బతకలేను. ఈసారి పాదం దగ్గర బిగువుగా, పైన వదులుగా కట్టు. నేర్పిస్తా" అన్నాను. ఆయన కళ్ళు తుడుచుకుంటుంటే మా అక్క వంటింట్లోంచి, "నా ఇంట్లో ఏడుపులేంది అప్పా, కాఫీ తాగు" అని అరిచింది.

సంక్రాంతి వెళ్ళాక వాపు తీసింది. మళ్ళీ లేచి నడిచాను, మొదట గది, తర్వాత వీధి, తర్వాత స్టేషను దారి. ఆ ముసలాయన, "దొరికెనా?" అన్నాడు. "సగం దొరికె" అన్నాను. ఉగాది తర్వాత డాక్టరు రెండో కాలికి సూదులు మొదలుపెట్టాడు. ఈసారి మా ఆయన నెలకు రెండుసార్లు వచ్చేవాడు. కట్టు కట్టడం నాకంటే బాగా నేర్చుకున్నాడు. మేరమ్మ చూసి మెచ్చుకుంది కూడా. నరాలు ఒక్కొక్కటే ఎండిపోయి గోధుమరంగు మచ్చలయ్యాయి. ఆ మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి. కొంతమందికి నరాలు మళ్ళీ వస్తాయంట, నాకూ రావచ్చునన్నాడు డాక్టరు. వస్తే మళ్ళీ పోతాను.

యాభై తొమ్మిది వానాకాలంలో చివరిసారి హిందూపురం వెళ్ళినప్పుడు మా ఆయన కూడా వచ్చాడు. నేను అడగాల్సిన మాట నోరు దాటి రాలేదు. కాదంటే వినడానికి ధైర్యం లేదు. ఆయనే అడిగాడు, చేతులు కట్టుకుని నిలబడి.

"సామీ, ఈమె మగ్గం మీద కూర్చోవచ్చునా?"

డాక్టరు నా రెండు కాళ్ళూ వేళ్ళతో నొక్కి చూశాడు. చాలాసేపు చూశాడు. "రోజంతా అయితే మళ్ళీ ఇదే కథ. రోజుకి ఒక గంట. గంట అయితే లేసి నడీబేకు. ఒక్క నిమిషం ఎక్కువైనా నా దగ్గరికి రావొద్దు" అన్నాడు.

రైలెక్కి కూర్చున్నాం. పెట్టెలో జనం పలచగా ఉన్నారు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు. పదకొండేళ్ళు పొద్దున్నుంచి దీపాలు పెట్టేదాకా నాదిగా ఉన్నది ఇప్పుడు ఒక్క గంటైంది. పెనుకొండ కొండ కిటికీలోంచి దాటిపోయింది. ఈసారి అక్కడ దిగనక్కర లేదు. చాలాదూరం పోయాక ఆయన నా వైపు జరిగాడు.

"నీ మగ్గం మీద ఇప్పుడు తమ్ముడు నేస్తాండాడు. వాన్ని ఆ గంట లేపుతా. పొద్దున వెలుతురు బాగుంటాది. మధ్యాన్నం అయితే ఇంట్లో పని ఉండదు నీకి. ఏ గంట కావాలో చెప్పు."

"ఏ గంటైనా సరే" అన్నాను. "నువ్వు పక్క మగ్గం మీద ఉండాల."

ఆయన కిటికీ వైపు తిరిగాడు. ధర్మవరం వచ్చేదాకా ఇటు తిరగలేదు.